పొనికి చెక్కతో బొగ్గుబాయి డంపర్

పాత ఆర్‌సీ (రిమోట్ కంట్రోల్) బొమ్మ ట్రక్కు ఒకటి బాగుచేస్తున్నా. ఛాసిస్, గేర్‌బాక్స్ గట్టిగానే ఉన్నయి, ప్లాస్టిక్ బాడీ పగిలింది. దాని స్థానంలో గోదావరిఖని ఓపెన్‌కాస్టులో బొగ్గు పైనుంచి తీసిన ఓబీ (ఓవర్‌బర్డెన్) మట్టి మోసే డంపర్ బాడీ కట్టాలని కోరిక. అదీ మన నిర్మల్ బొమ్మల పొనికి చెక్కతో!

పొనికి చాలా తేలిక, కత్తికి సులువుగా తెగుతది. పైన బరువు తగ్గితే మలుపుల్లో బండి తొందరగా బోల్తా పడదు. అతుకులకు నిర్మల్ కళాకారుల పద్ధతే: రంపపు పొట్టు, చింతగింజల జిగురు. మెత్తటి చెక్క కాబట్టి అంచులకు పల్చటి అల్యూమినియం పట్టీ వేయాలె.

లోపల 27 మెగాహెర్ట్జ్ రేడియో తీసేసి 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్ పెడుతున్నా. ఇక పక్కబండితో సిగ్నల్ కలుస్తదని క్రిస్టల్ మార్చే పని లేదు. బ్యాటరీ రెండు సెల్స్ లైపో (లిథియం పాలిమర్), 7.4 వోల్టులు. సెల్ 3 వోల్టుల కిందికి పోతే పాడైతది, అందుకే స్పీడ్ కంట్రోలర్‌లో లైపో కటాఫ్ తప్పనిసరి. డంపర్‌కు వేగం కన్నా లాగే బలం ముఖ్యం, కాబట్టి మోటారుకు చిన్న పినియన్ గేర్.

ఇట్ల విప్పి బిగించుకునే బండ్లు కొత్తేం కాదు: జపాన్ టమియా కంపెనీ 1976లో పోర్షే 934 మోడల్‌తో ఆర్‌సీ కార్లు మొదలుపెట్టింది. అలాంటి కిట్ బండ్ల గొప్పతనం నాకు ఒక్కటే: ఏ భాగం పోతే అది విప్పి మార్చుకోవచ్చు.

మన పిల్లలు విదేశీ మాన్‌స్టర్ ట్రక్కులతో పాటు తమ నాన్నలు నడిపే డంపర్లతోనూ ఆడుకోవాలె. మీ అటక మీద పాత ఆర్‌సీ బండి ఉంటే పారేయకండి. ఫొటో పెట్టండి, కలిసి బాగుచేద్దాం.