తోడేళ్లు లేని లోయలో తంజావూరు వైద్యుడు

కొలంబోలో పేటా బజారు రద్దీని తప్పించుకుని కాస్త ఎత్తెక్కితే వుల్ఫెండాల్ చర్చి కనిపిస్తుంది. డచ్చి భాషలో ఆ పేరుకు తోడేళ్ల లోయ అని అర్థం. శ్రీలంకలో తోడేళ్లే లేవు. డచ్చివారు నక్కల్ని చూసి పొరబడ్డారని చెబుతారు. 1757లో పూర్తయిన ఈ చర్చి నేల మీద ఎటు చూసినా సమాధి ఫలకాలే. వాటిలో కొన్ని 1813లో కోటలోని పాత చర్చి నుంచి తరలివచ్చినవి. పూర్వీకుల్ని వెతుక్కునే బర్గర్లకు, అంటే ఐరోపా నుంచి వచ్చి లంకలో స్థిరపడినవారి సంతతికి, ఇది మంచి మజిలీ.

1908లో ఏర్పడిన డచ్ బర్గర్ యూనియన్ సభ్యత్వానికి పెట్టిన షరతుల్లో ఒకటి: తండ్రి వైపు మూలపురుషుడు ఐరోపావాడై ఉండాలి. ఒండాచీ కుటుంబం కథ ఆ చట్రంలో ఇమడదు.

ఈ ఇంటిపేరును ప్రపంచానికి తెలిపింది 'ది ఇంగ్లిష్ పేషెంట్' రచయిత మైకేల్ ఒండాచీ. కెనడాలో స్థిరపడిన ఆయన 1978లో, 1980లో కొలంబో వచ్చి బంధువుల కబుర్లు విన్నారు, చర్చి రిజిస్టర్లు తిరగేశారు. సెయింట్ థామస్ చర్చి నేల మీద తమ ఇంటిపేరు చెక్కి ఉండటం చూశారు. 1982లో వచ్చిన 'రన్నింగ్ ఇన్ ది ఫ్యామిలీ'లో ఆయన చెప్పిన ప్రకారం మూలపురుషుడు 1600లో దిగిన వైద్యుడు. ఏదో మూలికతో గవర్నర్ కూతురి జబ్బు నయం చేసి భూమిని, విదేశీ భార్యను, కొత్త పేరును పొందాడు. ఆ పేరు సొంత పేరుకే డచ్చి వర్ణక్రమం.

కథ బాగుంది గానీ తేదీ కుదరదు. 1600లో కొలంబో పోర్చుగీసు వారిది. డచ్చివారు దాన్ని పట్టుకున్నది 1656లో. వంశవృక్షాల్లో ఉన్న 1659 ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. గవర్నర్ అడ్రియాన్ వాన్ డెర్ మైడెన్ భార్యకు చికిత్స చేయడానికి మైకేల్ జుర్గెన్ ఒండాచీ వచ్చింది తంజావూరు నుంచి. కూతురు కాదు, భార్య. కుటుంబాలు కథను నోటితో మోసుకొచ్చేటప్పుడు ఇలాంటి మార్పులు మామూలే. వైద్యుడి వారసుల్లో ఒకరైన క్వింట్ ఒండాచీ 1780లలో హాలెండ్‌లోని యూట్రెక్ట్‌లో పాలకులపై తిరగబడ్డ దేశభక్తుల నాయకుడయ్యాడు. 1818లో బటావియాలో కన్నుమూశాడు.

1659 నాటి తంజావూరును ఏలుతున్నది తెలుగు నాయకరాజు విజయరాఘవుడు. స్వయంగా కవి, యక్షగానాల పోషకుడు. కానీ ఆ ఏళ్లు సాహిత్య గోష్ఠుల ఏళ్లు మాత్రమే కావు. బీజాపూరు సేనలు పంటపొలాల మీద పడ్డాయి, కరవు వచ్చింది. అంతకు ముందు ఏడాదే నాగపట్నం డచ్చివారి చేతికి చిక్కింది. ఆకలితో అమ్ముడుపోయిన వేలాది మందిని కంపెనీ ఆ తీరం నుంచే ఓడలెక్కించింది. అందులో చాలామంది దిగిందీ లంకలోనే.

డచ్చి కంపెనీ కాగితాలు కొలంబోలోని జాతీయ ఆర్కైవ్స్‌లోను, చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోను ఉన్నాయి. 2003లో యునెస్కో వీటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ఓపిక, పాత డచ్చి లిపి చదివే నేర్పు ఉంటే వైద్యుడి జాడ పట్టవచ్చు. ఆ ఓడల్లో వెళ్లినవారు మాత్రం ఎక్కువగా తలల లెక్కగానే కనిపిస్తారు.