పాలపిట్ట, ఒక పొడుగు లెన్సు

దసరాకి పాలపిట్టని చూడటం మనవాళ్ల ఆనవాయితీ. ఆ పేరుతో కొన్నిచోట్ల పిట్టని పట్టి, పంజరంలో పెట్టి, పదో పాతికో తీసుకుని చూపిస్తారు. బందీ అయిన పిట్టని చూస్తే ఏం శుభం కలుగుతుందో నాకైతే అర్థం కాదు. పైగా అది తెలంగాణ రాష్ట్ర పక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పట్టుకోవడం నేరం కూడా.

నిజానికి ఊరు దాటితే కరెంటు తీగ మీదే కనిపిస్తుంది. కూర్చున్నప్పుడు చాలావరకు గోధుమరంగే. అసలు నీలమంతా రెక్క విప్పితేనే. ఫొటో తీసేవాళ్లకి తంటా అక్కడే. 400 ఎంఎం లెన్సు, షట్టర్ స్పీడు 1/2000 దగ్గర, వేలు బటన్ మీద... ఇక ఓపిక. రెట్ట వేసిందంటే చాలాసార్లు ఎగరబోతోందని గుర్తు! కారు దిగకండి, కిటికీలోంచే తీయండి. కారుకి బెదరని పిట్ట మనిషి దిగగానే తుర్రుమంటుంది. ఎండెక్కకముందే వెళ్లండి. నేల వేడెక్కితే పైన గాలి కదిలిపోతూ వెలుతురుని వంచేస్తుంది. లెన్సు ఎంత ఖరీదైనదైనా ఈకలు మసకగానే వస్తాయి.

రెక్కలు విప్పించడానికి రాళ్లు విసిరే మహానుభావులూ ఉన్నారు. ఆ ఫొటో ఎంత బాగున్నా నాకు లైకు కొట్టబుద్ధి కాదు.

లెన్సు లేకపోతే మామూలు బైనాక్యులర్ చాలు. ఈ పండక్కి పంజరంలో పాలపిట్ట ఎదురైతే మాత్రం డబ్బులివ్వకండి, అటవీ శాఖకి ఫోన్ చేయండి.