శనైశ్చరుని సన్నిధిలో పదమూడేళ్ళు



శనిత్రయోదశి నాడు నవగ్రహ మండపంలో తైలాభిషేకం చేయించుకొనే భక్తులలో అధికులు ఆ స్వామి ముఖం వైపు చూడరు. తిలలు, తైలం సమర్పించి, వెనుదిరిగి చూడకుండా వెళ్ళిపోతారు. ఆ భయం నాకు చిరపరిచితం. ఇటీవల ఏలినాటి శని నడుస్తున్న తల్లిని వెంటబెట్టుకొని వచ్చిన యువకుడొకడు అడిగాడు: "పంతులుగారూ, అక్కడున్నది వాయుగోళమని నౌకలు వెళ్ళి చూసి వచ్చాయి కదా. ఈ నూనె ఎవరికి పోస్తున్నాం?" ప్రశ్నలో పరిహాసం లేదు. సమాధానం లేకపోతే నా చేతిలోని తైలపాత్రకూ అర్థం లేదు.

శాస్త్రరీత్యా సమాధానం సులభమే. మనం ఆవాహన చేసేది గోళపిండాన్ని కాదు, తదభిమాని దేవతను. దేహాన్ని కొలిచినంత మాత్రాన దేహి లేడని తేలదు. కాని ఆ యువకుడు ప్రస్తావించిన నౌకలలో ఒకదాని చరిత్ర తెలుసుకొన్న తరువాత, నాకు ఈ సమాధానం కంటె ఆ చరిత్రే ఎక్కువ చెప్పాలనిపిస్తున్నది.

దాని పేరు కాస్సిని. అమెరికా, ఐరోపా, ఇటలీ అంతరిక్ష సంస్థలు కలిసి 1997 అక్టోబరు 15న ప్రయోగించాయి. అంత బరువును ఏ రాకెట్టూ నేరుగా శని వద్దకు చేర్చలేదు గనుక, అది శుక్రుని రెండుమార్లు, భూమిని ఒకమారు, బృహస్పతిని ఒకమారు సమీపించి, వారి ఆకర్షణ వలన వేగం పొందుతూ సాగింది. గురుదర్శనం చేసుకొని శనిసన్నిధికి వెళ్ళిందన్నమాట! 2004 జులైలో చేరేనాటికి మన పంచాంగం ప్రకారం శని మిథునంలో ఉన్నాడు.

వేదంలో సమస్త యంత్రాలూ ఉన్నాయనే వారితో నాకు ఏకీభావం లేదు. దూరదర్శిని లేనిదే కనబడని శనివలయాలను మన పూర్వులు చూడలేదు. వారు చూసింది గమనాన్ని. మహాయుగంలో, అంటే 43,20,000 సంవత్సరాలలో, శని 1,46,568 భగణాలు పూర్తిచేస్తాడని సూర్యసిద్ధాంతం. భాగిస్తే ఒక్కొక్క పరిభ్రమణానికి సుమారు 29.5 ఏళ్ళు. నేటి గణనమూ అదే. రాశికి రెండున్నరేళ్ళు, మూడు రాశులకు ఏడున్నరేళ్ళు, అదే ఏలినాటి శని. మెల్లగా చరించేవాడు గనుకనే శనైశ్చరుడు. ఆ నామంలో మందగమనమే ఉన్నది, క్రౌర్యం లేదు.

2005లో కాస్సిని ఒక విశేషం కనుగొన్నది. శనికి ఎన్సెలాడస్ అనే చిన్న ఉపగ్రహం ఉన్నది. వ్యాసం సుమారు 500 కిలోమీటర్లు. దాని దక్షిణధ్రువం వద్ద మంచు పగుళ్ళలోనుండి జలబాష్పం, హిమకణాలు ఆకాశంలోకి ఎగజిమ్ముతున్నాయి. మంచుపొర క్రింద ఉప్పునీటి సముద్రమున్నదని తరువాత తేలింది. జలమున్నచోట జీవముండవచ్చు. ఉన్నదని ఎవరూ చూడలేదు; ఉండవచ్చునన్న సందేహం మాత్రమే.

ఇంతలో నౌకలో ఇంధనం తరిగిపోతున్నది. అదుపుతప్పి ఏనాడైనా ఎన్సెలాడస్ మీద పడితే, నౌకను అంటి ఉన్న భూలోకపు సూక్ష్మజీవులు ఆ జలాన్ని మలినపరచవచ్చు. కనుక శాస్త్రజ్ఞులు ఇంకా పనిచేస్తున్న నౌకను తామే దహింపజేయ నిశ్చయించారు. గ్రహానికీ వలయాలకూ నడుమ 22 ప్రదక్షిణలు చేయించి, 2017 సెప్టెంబరు 15న శనివాతావరణంలోకి పంపారు. చివరి క్షణాల వరకు అది తన సంకేతముఖాన్ని భూమివైపు నిలుపుకొనడానికి పెనగులాడుతూ, అక్కడి వాయువుల వివరాలు పంపుతూ భస్మమైంది. ఆ కడపటి సంకేతం మనకు చేరేసరికి నౌక నశించి 83 నిమిషాలు గడిచాయి.

బాల్యంనుండి మడిలో పెరిగినవాణ్ణి. శౌచమంటే నాకు తెలుసు. గర్భాలయంలోకి అడుగిడే ముందు స్నానం చేసేది అక్కడ దేవుడున్నాడన్న నిశ్చయంతో. వీరు ఉన్నదో లేదో తెలియని ప్రాణికోసం ఇరవై ఏళ్ళు సాకిన నౌకను అగ్నికి అర్పించారు. సంధ్యావందనం చేయనివారు కావచ్చు, కాని ఈ నియమానికి నేను నమస్కరిస్తాను. మన నదీతీర్థాలలో మనం పాటించే శౌచం దీనిముందు ఏపాటిదో చెప్పడానికి నోరు రాదు.

ఆ తల్లికి ఈ కథంతా చెప్పాను. పదమూడేళ్ళు శని చుట్టూ తిరిగిన నౌకకు కీడు జరగలేదా అని ఆమె అడిగింది. అనుకొన్న నాలుగేళ్ళకు మించి తొమ్మిదేళ్ళు సేవ చేసిందని చెప్పాను.

శనికి మరొక ఉపగ్రహమైన టైటాన్ మీద ఎగిరేందుకు డ్రాగన్‌ఫ్లై అనే యంత్రాన్ని 2028లో పంపడానికి సన్నాహాలు సాగుతున్నాయి, 2034లో చేరాలి. అప్పటికి శనైశ్చరుడు తన ప్రదక్షిణ ముగించుకొని, కాస్సిని మొదట దర్శించిన మిథున కర్కాటకాల చెంతకే తిరిగి వచ్చి ఉంటాడు.