ఆ చిన్నక్షరాలు చదివారా?

ఆగండాగండి! ఆ ఎర్ర త్రికోణం కనబడగానే అలా హడలిపోయి ట్యాబ్ మూసేస్తే ఎలాగండీ?

అదేనండీ, మీరేదో కరెంటు బిల్లు కట్టుకుందామని కూర్చుంటే, "యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్" అంటూ క్రోమ్ అడ్డంగా నిలబడుతుంది చూడండి, ఆ పేజీ. దాన్ని చూసి పారిపోయేవాళ్ళు కొందరు. "అడ్వాన్స్‌డ్" నొక్కి, "ప్రొసీడ్" నొక్కి, వెనకాముందూ చూడకుండా లోపలికి దూరిపోయేవాళ్ళు ఇంకొందరు. మీరే బాపతో నేనడగనులెండి. కానీ ఇద్దరి మీదా నాది ఒకటే ఫిర్యాదు. ఆ పెద్దక్షరాల కింద బూడిదరంగులో చిన్న కోడొకటి ఉంటుంది. దాన్ని చదివిన పాపాన పోరేం? అసలు కథంతా అక్కడుంటే!

నాకైతే అదంటే మహా ఇష్టం. ఆ ఒక్క ముక్క చదివితే తేడా మన దగ్గరుందో వాళ్ళ దగ్గరుందో సగం తేలిపోతుంది.

"సర్ట్ డేట్ ఇన్‌వాలిడ్" అని ఉందనుకోండి. తేదీల పేచీ. సైటువాళ్ళు తామెవరో రుజువు చేసే సర్టిఫికెట్‌ని గడువు దాటినా మార్చుకోకపోయి ఉండాలి, లేదా మన గడియారమే తప్పయి ఉండాలి. ఒక్క సైటే అలా అంటే వాళ్ళ తప్పే అయి ఉంటుంది. తెరిచిన ప్రతి సైటూ అదే పాట పాడుతుంటే? స్క్రీన్‌లో కుడివైపు కిందకి చూడండి. 2009 జనవరి 1 అనో మరోటో ఉంటుంది! పాత డెస్క్‌టాపుల్లో ఇది మామూలే. మదర్‌బోర్డు మీద బిళ్ళ సెల్లొకటి ఉంటుంది. ప్లగ్గు పీకేసినా గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోయిందంటే, కరెంటు తీసిన ప్రతిసారీ కాలం వెనక్కి పోతుంది. 2009లో ఉన్న కంప్యూటర్‌కి నిన్నగాక మొన్న ఇచ్చిన సర్టిఫికెట్ చూపిస్తే ఎలా ఒప్పుకుంటుందండీ? "ఇదింకా పుట్టనే లేదు" పొమ్మంటుంది. న్యాయమే కదా!

కంప్యూటర్ ఆపేసి, ప్లగ్గు తీసి, ఆ సెల్లు పక్కనున్న క్లిప్పుని కాస్త గోటితో నొక్కండి. టప్పున పైకి లేస్తుంది. మీద "సి.ఆర్. 2032" అని చెక్కి ఉంటుంది. ఆ అంకె ఊరికే వేసింది కాదండోయ్! 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. కొలతల్నే పేరుగా పెట్టేశారు. వాచీలు బాగుచేసే కొట్లో అడిగితే ఇస్తారు.

"కామన్ నేమ్ ఇన్‌వాలిడ్" అని ఇంకోటుంది. సర్టిఫికెట్ మీద ఒక పేరు, మీరు కొట్టిన సైటు ఇంకో పేరు. ముందు మూడు డబ్ల్యూలు పెట్టో తీసేసో చూడండి, ఒక్కోసారి దాంతోనే సర్దుకుంటుంది.

అసలు రుచంతా మూడోదాంట్లో ఉంది. "అథారిటీ ఇన్‌వాలిడ్". మీ ఇంట్లో పెళ్ళి సంబంధాలు చూశారుగా? అబ్బాయి బుద్ధిమంతుడని వాళ్ళ బాబాయి చెబుతాడు. ఆ బాబాయి మాట నమ్మొచ్చా అంటే, మనూరి మాస్టారు పూచీ పడతారు. మాస్టార్ని మనం ఎరుగుదుం కాబట్టి మాటలు ముందుకి సాగుతాయి. బ్రౌజర్ చేసేదీ ఇదే. సైటుకి ఒకరు, ఆ ఒకరికి ఇంకొకరు పూచీ పడుతూ, చివరికి తను ముందే రాసిపెట్టుకున్న పెద్దల్లో ఒకరి పేరు తగలాలి. తగల్లేదా, ఈ కోడు పడుతుంది. ఇక అబ్బాయే నేరుగా వచ్చి "నేను చాలా మంచివాణ్ణండీ, కావాలంటే నన్నే అడగండి" అన్నాడనుకోండి, అదే సెల్ఫ్ సైన్డ్! ఇళ్ళల్లో ఉండే వైఫై రౌటర్లు కొన్ని ఈ బాపతే. 192.168.1.1 కొట్టి సెట్టింగుల్లోకి వెళ్ళబోతే హెచ్చరిక వస్తుంది. ఇల్లు మనది, రౌటర్ మనది, వెళ్ళండి పర్లేదు. బ్యాంకు సైటు అదే మాటంటే మాత్రం ఒక్క అడుగు కూడా వెయ్యకండి, నా మీద ఒట్టు.

మరి ఆ పెద్దమనిషే మోసపోతే? భలే అడిగారు!

నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అని సర్టిఫికెట్లిచ్చే సంస్థ ఉండేది. 2011లో దాని కంప్యూటర్లలోకి ఎవరో చొరబడి, ఏకంగా గూగుల్ పేరు మీదే దొంగ సర్టిఫికెట్ పుట్టించారు. ఇరాన్‌లో జీమెయిల్ వాడే జనం మీద దాన్ని ప్రయోగించారు. డిజినోటార్ పేరు పెద్దల జాబితాలో ఉందాయె, బ్రౌజర్లు కిమ్మనలేదు. క్రోమ్ మాత్రం అడ్డం తిరిగింది. గూగుల్ సర్టిఫికెట్ మీద ఎవరి సంతకం ఉండాలో దానికి విడిగా తెలుసు మరి! ఆగస్టు చివర్లో ఇరాన్ నుంచి ఒకరు ఆ హెచ్చరిక చూసి, పారిపోకుండా, దూసుకుపోకుండా, "ఇదేమిటి?" అని గూగుల్‌ని అడిగారు. అంతే, డొంకంతా కదిలింది. సెప్టెంబరుకల్లా డిజినోటార్ దివాలా తీసింది. చదివింది ఒక్కరండీ, ఒక్కరు! ఆ మనిషికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు.

మన దేశంలోనూ అయింది. 2014 జులైలో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ సర్టిఫికెట్ల విభాగం నుంచి గూగుల్ పేర్లతో అక్రమ సర్టిఫికెట్లు బయటపడితే, పైవాళ్ళు వెంటనే రద్దు చేశారు.

అన్నట్టు, స్టేషన్లోనో హోటల్లోనో ఫ్రీ వైఫై పట్టుకోగానే ఈ గోల వస్తోందా? మిమ్మల్ని లాగిన్ పేజీకి మళ్ళించబోయి ఆ వైఫై చిక్కుపడి ఉంటుంది. నెవర్ ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ అని కొట్టండి. తాళం అన్నదే పెట్టుకోని సైటది, ఇందుకోసమే పుట్టింది. లాగిన్ పేజీ ఎదురొచ్చి నిలబడుతుంది.

ఇకముందు ఈ సర్టిఫికెట్ల గడువులు ఇంకా చిన్నవి. 2020లో సర్టిఫికెట్ ఆయుష్షు మహా అయితే 398 రోజులని పెట్టారు. అదీ ఎక్కువేనని, 2026 మార్చి 15 నుంచి 200కి, మరుసటేడు 100కి, 2029లో 47కి దించాలని 2025లో బ్రౌజర్లవాళ్ళూ సర్టిఫికెట్లవాళ్ళూ కలిసి ఓటేసుకున్నారు. చేత్తో మార్చుకుంటూ కూర్చుంటే ఎవరివల్ల అవుతుందండీ? మిషన్లే మార్చుకోవాలి.

ఇంత విన్నారుగా, ఇవాళ భోజనాలయ్యాక బ్యాడ్ ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ తెరవండి. ఈ తప్పులన్నిటినీ కావాలనే చేసి, ఒక్కోదానికి ఒక్కో లింకు పెట్టారు. ముందు "ఎక్స్‌పైర్డ్" నొక్కండి. హెచ్చరిక రాగానే పైన "నాట్ సెక్యూర్" మీద నొక్కి సర్టిఫికెట్ తేదీ చూడండి. 2015 ఏప్రిల్ 12! ఏళ్ళు గడిచినా దాన్నెవరూ రెన్యూ చెయ్యరు, చెయ్యకూడదు కూడా. తర్వాత "సెల్ఫ్ సైన్డ్" నొక్కండి, మనం ఇందాక అనుకున్న అబ్బాయి అక్కడే ఉంటాడు.