పులిబొమ్మ దుప్పటి



పోయిన ఉత్తరంలో మా అమ్మ పాత నేతచీరలు నాలుగు పేర్చి బొంత కుట్టించిన సంగతి రాస్తే, మీలో ఒకావిడ "దీన్నే ఇప్పుడు అప్‌సైక్లింగ్ అంటున్నారండీ, పేరు మారితే రేటూ మారుతుంది" అని జవాబు రాశారు. చదివి నవ్వుకున్నాను గానీ, ఆ మాట నన్ను వదల్లేదు. అది పట్టుకునే ఈసారి మిమ్మల్ని లాస్ ఏంజిలస్ తీసుకెళ్తున్నాను.

అక్కడ బ్రెండా ఎకీవా అని ఒక డిజైనరు ఉన్నారు. మెక్సికన్ కుటుంబం, శాంటా బార్బరా ఊరు, న్యూయార్క్ పార్సన్స్‌లో డిజైన్ చదువు. ఆవిడకి పేరు తెచ్చింది పట్టూ కాదు, లేసూ కాదు. దుప్పటి!

ఆ దుప్పటి కథ చెప్పాలి. మెక్సికోలో ఆగ్వాస్‌కాలియెంతెస్ అనే ఊళ్లో 1970లలో శాన్ మార్కోస్ పేరుతో యాక్రిలిక్ దుప్పట్లు నేయడం మొదలైంది. మెత్తగా, బరువుగా, నూగుతో ఉంటాయి. మధ్యలో ఇంత మొహం వేసుకుని ఒక పులి, లేదా సింహం, లేదా గుర్రం. సరిహద్దు దాటి అమెరికా వచ్చిన కుటుంబాలతోపాటు అవీ వచ్చాయి. పెళ్లికి అదే కానుక, బిడ్డ పుడితే అదే కానుక. అసలు మిల్లు ఎప్పుడో ఆగిపోయినా, ఏ పులిబొమ్మ దుప్పటి కనబడినా జనం ఆ పేరుతోనే పిలుస్తారు. మనం ఏ వనస్పతినైనా డాల్డా అన్నట్టు.

ఎకీవా ఆ దుప్పటిని కోటు చేశారు. వినడానికి తేలికే. కానీ దర్జీ పని తెలిసినవాళ్లు ఒక్క క్షణం ఆలోచించండి. నూగు ఒకే దిక్కుకి వాలేలా అన్ని ముక్కలూ కత్తిరించాలి, లేకపోతే ఒక చెయ్యి ముదురుగా, ఇంకో చెయ్యి వెలిసినట్టుగా కనబడుతుంది. పులి మొహం సరిగ్గా వీపు మధ్యకి రావాలి. కత్తెర అటూ ఇటూ అయితే చెవి చంకలోకి పోతుంది. పైగా ఇంత మందం బట్ట రెండు మడతలు కలిసిన చోట సూది మొరాయిస్తుంది. బొమ్మ ఒక్కటే గనక, ఒకసారి పాడైతే ఆ దుప్పటి మళ్లీ దుప్పటిగా కూడా పనికిరాదు.

పర్యావరణం పేరు చెప్పి నేను ఈ కోట్లని మెచ్చుకోను. యాక్రిలిక్ అంటే ప్లాస్టిక్ దారమే. నాకు నచ్చింది వేరే. మెక్సికన్ స్పానిష్‌లో 'రాస్క్వాచె' అని ఒక మాట ఉంది. చవకబారు, అతుకులబొంత, లేకి అనే అర్థంలో తిట్టు. అమెరికాలోని మెక్సికన్లు ఆ తిట్టునే తమ కళకి పేరుగా పెట్టుకున్నారు. తోమాస్ ఇబార్రా-ఫ్రౌస్తో అనే పండితుడు 1989లో దాని మీద ఒక వ్యాసం రాశాడు: ఉన్నదాంతోనే సరిపెట్టడం, అదీ దాచకుండా, రంగులతో, కాస్త పొగరుగా. మెక్సికన్ మూలాలున్న అమెరికా ఆడవాళ్లని పిలిచే 'చికానా' అన్న మాటా అలాంటిదే. ఒకప్పుడు చిన్నచూపుతో అన్న మాటని 1960ల హక్కుల ఉద్యమంలో ఎత్తుకుని నెత్తిన పెట్టుకున్నారు. చలికాలం బడికి ఇంట్లో దుప్పటి చుట్టుకెళ్తే ఏ పిల్లకైనా తలవంపుగా ఉంటుంది. అదే దుప్పటి కాలరూ జేబులూ పెట్టుకుని వీధిలో తలెత్తుకుని నడిస్తే, దాన్ని చూసి సిగ్గుపడ్డవాళ్ల సంగతేమిటి?

రేటు మాటకొస్తే, ఆ కోటు వందల డాలర్లు. ఆ దుప్పటి కింద ముగ్గురు పిల్లల్ని పడుకోబెట్టిన తల్లి కొనలేదు. మొదట నాకూ చివుక్కుమంది. తర్వాత అమెరికాలో మెక్సికన్ ఆడవాళ్ల కుట్టుపని చరిత్ర గుర్తొచ్చింది. 1933లో లాస్ ఏంజిలస్ గౌన్ల ఫ్యాక్టరీల్లో సమ్మెకు దిగినవాళ్లలో ఎక్కువమంది మెక్సికన్ ఆడవాళ్లే. టెక్సస్‌లో ఫరా ప్యాంట్ల కంపెనీ మీద 1972లో మొదలైన సమ్మెలో దాదాపు 4,000 మంది, ఎక్కువగా చికానాలు, 1974 దాకా నిలబడి యూనియన్ సాధించుకున్నారు. కాలిఫోర్నియాలో బట్టలు కుట్టేవాళ్లకి పీసు రేటు తీసేసి గంటల లెక్కన కూలి ఇవ్వాలన్న చట్టం 2021లో గానీ రాలేదు. అప్పటిదాకా కాలరుకింత, జిప్పుకింత అని లెక్కగట్టి, రోజంతా కుట్టినా కనీస వేతనం కూడా రాని ఊరు లాస్ ఏంజిలస్. అందుకని, చేతిపని బట్ట ఖరీదు చూసినప్పుడు ముందు నేను అడిగేది ఎందుకింత అని కాదు, అందులో కుట్టిన మనిషికి ఎంత అని.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. శాన్ డియేగోలో పుట్టిన యోలాండా లోపెజ్ అనే చికానా చిత్రకారిణి 1978లో గ్వాదలూపె మాత బొమ్మల్ని తిరగరాసింది. మెక్సికన్ల ఇలవేల్పు ఆ తల్లి. నక్షత్రాల నీలి మేలిముసుగు ఆవిడ గుర్తు. లోపెజ్ ఒక బొమ్మలో ఆ తల్లి స్థానంలో తన కన్నతల్లిని కూర్చోబెట్టింది. కళ్లజోడు పెట్టుకుని, కుట్టుమిషను ముందు వంగి, ఆ నక్షత్రాల ముసుగుని ఆవిడే కుడుతూ ఉంటుంది.

వచ్చే ఉత్తరం దాకా సెలవు. బొంత ఫొటో అడిగినవాళ్లకి: అంచు కుట్టు ఇంకా మిగిలే ఉంది, అయ్యాక పంపుతాను.

మీ,
ఉత్తరాలమ్మ