వెళ్ళొస్తానని చెప్పే పక్షి

మూడుముళ్ళూ పడేదాకా జరిగేదే ప్రణయం అనుకోవడం మా నవలారచయిత్రులకున్న జబ్బు. తలంబ్రాలు కాగానే "సమాప్తం" అని రాసేసి, ఆ తర్వాతి సంగతి మీకే వదిలేస్తాం. పోయిన మే నెలలో ఇంగ్లండులో, యార్క్‌షైర్ తీరాన ఉన్న బెంప్టన్ కొండచరియల మీద చూశానూ, పెద్ద పెద్ద కెమెరాలు పట్టుకుని చలిగాలిలో నిలబడ్డవాళ్ళంతా ఏళ్ళ తరబడి కాపురం చేస్తున్న జంటల సరసాల కోసం పడిగాపులు కాస్తున్నారు!

ఆ జంటలు గానెట్ అనే సముద్రపక్షులు. లీడ్స్‌లో ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య కూతురికి వాటిని ఫోటోలు తీయడం పిచ్చి. నన్నూ లాక్కెళ్ళింది. నూరు మీటర్ల ఎత్తున నిటారుగా తెల్లని సుద్దకొండ, అంచున కంచె, కింద ఉత్తర సముద్రం. వాసన సంగతి చెప్పను, భోజనాల వేళ చదువుతున్నారేమో. బ్రిటన్ ప్రధాన భూభాగం మీద గానెట్‌ల అతిపెద్ద కాలనీ ఇదేనట. రెక్కలు చాపితే ఆరడుగులు. ఒళ్ళంతా మల్లెపూవు తెలుపు, తలకి పసుపు రాసినట్టు లేత బంగారు రంగు, లేత నీలికళ్ళు. పెళ్ళికూతురి ముస్తాబే. కాని మొగుడిదీ అచ్చు అదే ముస్తాబు!

మగపక్షి సముద్రం మీంచి వచ్చి వాలుతూనే ఆడదాని మెడ కొరుకుతుంది. గట్టిగానే. నాకది బొత్తిగా నచ్చలేదు.

"అదీ ప్రేమేనత్తా" అంది మా పిల్ల.

"అలాంటి ప్రేమలు రాసీ రాసీ విసిగిపోయానే" అన్నాను.

ఆ వెంటనే రెండూ రొమ్ముకి రొమ్ము చేర్చి, రెక్కలు విప్పి, ముక్కులు పైకెత్తి కత్తుల్లా టకటకలాడిస్తాయి. ఇది కొత్తజంటల వేడుకే కాదు. ఎన్నేళ్ళ కాపురమైనా, ఇంటికొచ్చినప్పుడల్లా ఇదే స్వాగతం. కెమెరాలన్నీ అప్పుడే ఒక్కసారి మోగుతాయి. సెకనులో రెండువేలో వంతు వేగం పెట్టాలిట. వెలుగు కాస్త తగ్గించుకోకపోతే ఎండలో ఆ తెలుపు సున్నంముద్దలా పడుతుందిట.

మా పిల్ల మాత్రం ఆ ముక్కుల యుద్ధం వదిలేసి, ఇంకోదాని కోసం గంటన్నర కాసింది. గూడు దగ్గరున్న జంటలో ఒకటి బయల్దేరాలనుకుంటే, మెడ నిలువునా సాచి, ముక్కు ఆకాశానికెత్తి, ఒక్కో పాదమే నెమ్మదిగా ఎత్తివేస్తుంది. "నే వెళ్తున్నా, నువ్వుండు" అని చెప్పడమన్నమాట. పెట్టేది ఒక్కటే గుడ్డు. దాన్ని తమ పాదాల పొరల కిందే పొదుగుతాయి, వంతులవారీగా. ఇద్దరూ ఒకేసారి ఎగిరిపోతే గుడ్డు గల్స్ పాలు.

ఈ భాషంతా విప్పి చెప్పినవాడు బ్రయాన్ నెల్సన్ అనే శాస్త్రజ్ఞుడు. 1960ల మొదట్లో స్కాట్లండు దగ్గరి బాస్ రాక్ అనే రాతిదీవి మీద, భార్య జూన్‌తో కలిసి చెక్కగుడిసెలో ఉండి చూశాడు. ఆవిడ అక్కడ కాపురమెలా నెట్టుకొచ్చిందో అని నాకు ఒకటే ఆలోచన.

"వెళ్తాను" అంటే మా అమ్మ ఊరుకునేది కాదు, "వెళ్ళొస్తాననవే" అని గుమ్మంలోనే నిలేసేది. మావారు ఇరవై రెండేళ్ళుగా చెప్పులేసుకుంటూ "తలుపేసుకో" అంటున్నారు. అదీ మెట్లు దిగాక.

2022లో బర్డ్ ఫ్లూ వచ్చి, అలా చెప్పి వెళ్ళిన గానెట్‌లు ఎన్నో తిరిగి రాలేదు. బాస్ రాక్ మీద 2014లో 75 వేల పైచిలుకు గూళ్ళుంటే, 2023కి 52 వేల లోపే మిగిలాయి. జబ్బు తగ్గి బతికినవాటిలో కొన్నిటికి నీలికన్ను నల్లబడిపోయిందట.

ఆ సాయంత్రం మా పిల్ల లెన్సుకి అలాంటిదే ఒకటి దొరికింది. నల్లకన్ను. పక్కన జంటపక్షి, దాని కాళ్ళ కింద గుడ్డు. నల్లకన్నుది మెడ సాచింది, ముక్కెత్తింది, ఒక పాదం, మరో పాదం. మా పిల్ల ఊపిరి బిగబట్టి ఇరవై ఫోటోలు తీసింది. పక్షి సముద్రంలో చుక్కైపోయేదాకా ఇద్దరం మాట్లాడలేదు.

ఆ ఫోటో ఒకటి అక్కణ్ణించే మావారికి పంపించాను. అయిదు నిమిషాల్లో జవాబు:

"పాపం, దానికీ మెడ పట్టేసిందా?"