సదస్సు పాలమూరులో పెడితే?

మా గుంపు ఏటా పెట్టే ఒక్కరోజు సాంకేతిక సదస్సు ఎక్కడంటే, షరా మామూలే, హైదరాబాదే. ఈసారి నేను మహబూబ్‌నగర్ అన్నాను. "పిల్లలమర్రి తప్ప ఏముందక్కడ?" అని నవ్వారు. 2023లో అక్కడా, నల్గొండలోనూ ఐటీ టవర్లు తెరిచారు బాబూ! పాలమూరు విశ్వవిద్యాలయం కూడా ఉంది. వక్తలకి విమానాశ్రయం దగ్గరుండాలట. శంషాబాదు ఆ దారిలోనే కదా ఉన్నది!

నిరుడు వనపర్తి నుంచొచ్చిన కుర్రాడొకడు నా పక్కన కూర్చున్నాడు. నాలుగింటికే బ్యాగు సర్దేశాడు. "ఆఖరి సెషన్ కోసమే వచ్చిన సార్. అది వింటే రాత్రికి ఇల్లు చేరను" అన్నాడు. హాస్టల్ రోజుల్లో నేనూ ఇలాగే సగంలో లేచిపోయినవాణ్ణే. ఏమీ అనలేకపోయాను.

ఓటింగు ఆదివారం. ఇప్పటికి నా వైపు ఒక్కరే, జడ్చర్లాయన.